అప్రస్తుతం అని కొట్టేసిన పేరా

‘ముసలమ్మ మరణము’ రాసేనాటికి కట్టమంచి రామలింగారెడ్డికి ఇరవై ఏళ్ళు నిండలేదు. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటూ, అక్కడి భాషాభిరంజనీ సమాజం పెట్టిన పోటీ కోసం రాసిన కావ్యం అది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ. కథానాయిక దేవత కాదు, రాణి కాదు. ఆధునిక తెలుగు కవిత్వం ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు, గురజాడ ‘ముత్యాల సరాలు’ దాటి ఇంకాస్త వెనక్కి పోతే ఆగే చోటు ఇదే. అంటే ఒక కాలేజీ కుర్రాడు బహుమతి కోసం రాసి ఇచ్చిన కాగితాలు మన సాహిత్య చరిత్రలో ఒక మైలురాయి అయి కూచున్నాయి.

విమర్శలోనూ అంతే. 1914లో వచ్చిన ‘కవిత్వతత్త్వ విచారము’తో తెలుగులో ఆధునిక విమర్శ మొదలైందని అందరూ రాస్తారు. అది పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’, ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ మీద విమర్శ. అప్పటికి కట్టమంచికి ముప్పై మూడేళ్ళు. కేంబ్రిడ్జికి పోయి చరిత్ర చదివి వచ్చాడు. కానీ ఆ పుస్తకాన్ని ఇవాళ చదువుతుంటే అందులో వినిపించేది పెద్దమనిషి గొంతు కాదు. హాస్టల్ గదిలో రాత్రి పదకొండు గంటలకు, మిగతావాళ్ళు నిద్రపోతామన్నా వదలకుండా వాదించే కుర్రాడి గొంతు. ప్రబంధ కవులు వర్ణనల్లో పడి కథను గాలికొదిలేశారంటాడు, భావనాశక్తి లేని చోట పాండిత్యం ఎందుకంటాడు. సూరన ఒక్కడికి మాత్రం పెద్దపీట వేస్తాడు. చాలాచోట్ల అన్యాయంగా మాట్లాడతాడు. ప్రబంధాన్ని ప్రబంధంలా కాక ఇంకేదోలా ఉండమని అడుగుతున్నాడని తర్వాతివాళ్ళు తప్పుబట్టారు. ఆ తప్పుబట్టడం సబబే. అయినా ఆ పుస్తకం ఇంకా చదివిస్తుంది. ‘ఈ కావ్యం ఎందుకు బాగుంది?’ అన్న ప్రశ్నకు ‘పెద్దలు బాగుందన్నారు గనక’ అన్న జవాబును అది ఒప్పుకోదు. అంత మొండితనం సాధారణంగా విద్యార్థి దశలోనే ఉంటుంది. తర్వాత అరిగిపోతుంది. కట్టమంచి దాన్ని అరగనివ్వలేదు.

ఈ వ్యాసం విద్యార్థులుగా రాసిన రాతల గురించి. అవి పెద్దయ్యాక ఏమవుతాయి, వాటిని వెనక్కి తిరిగి ఎలా చదవాలి అన్నది నా ప్రశ్న. నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. యూనివర్సిటీలో సాహిత్యం చదవలేదు కాబట్టి వెనక్కి తిరిగి చూసుకోవడానికి నాకు అలాంటి వ్యాసాలు లేవు. ఇతరులవి చదివి మాట్లాడుతున్నాను.

ఇంగ్లీషువాళ్ళలో ఇద్దరి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే వాళ్ళు రెండు వేరు వేరు దారులు పట్టారు. టి.ఎస్. ఎలియట్ హార్వర్డు కోసం ఎఫ్.హెచ్. బ్రాడ్లీ తత్త్వం మీద సిద్ధాంత గ్రంథం రాసి 1916లో సమర్పించాడు. అది 1964లో గానీ అచ్చవలేదు. అప్పుడు రాసిన ముందుమాటలో ఆయన, ఈ పరిభాషలో నేనిప్పుడు ఆలోచించలేను, ఇది నాకే అర్థం కావడం లేదన్న ధోరణిలో మాట్లాడాడు. పాత తనను ఒక అపరిచితుడిలా పరిచయం చేసి పక్కకు తప్పుకున్నాడు. విలియం ఎంప్సన్ దారి వేరు. ఆయన కేంబ్రిడ్జిలో ముందు చదివింది గణితం. తర్వాత ఇంగ్లీషు సాహిత్యానికి మారి, ఐ.ఎ. రిచర్డ్స్ దగ్గర విద్యార్థిగా మొదలుపెట్టిన రాతే ‘సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుయిటీ’గా పెరిగింది. 1930లో అచ్చయ్యేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. 1947లో రెండో కూర్పు తెచ్చేటప్పుడు ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. పాత మాటల్ని చాలామటుకు అలాగే ఉంచి, ఇప్పుడు తనకు ఒప్పుదల లేని చోట్ల పేజీ కింద గమనికలు పెట్టి తనతో తనే వాదించాడు.

మా వృత్తిలో దీన్ని వర్షన్ కంట్రోల్ అంటారు. పాత కోడ్‌ను చెరిపేసి కొత్తది పెడితే పని జరుగుతుంది. కానీ ఎందుకు మార్చారో ఎవరికీ తెలియకుండా పోతుంది. పాతదీ కొత్తదీ మార్పుకు కారణమూ మూడూ కనబడితేనే తర్వాత వచ్చినవాడికి ఉపయోగం. విద్యార్థిగా రాసిన వ్యాసాన్ని వెనక్కి తిరిగి చూడటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచలేదు.

తెలుగులో ఈ విషయం ఇంకాస్త ముఖ్యం. మనం ఇవాళ ప్రామాణికం అనుకుని వాడుతున్న పుస్తకాలు చాలావరకు ఎవరో ఒకరు డిగ్రీ కోసం రాసినవే. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ ఉస్మానియాకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు. మా వనపర్తి దగ్గరి శ్రీరంగాపురంలో పుట్టిన ఎస్వీ రామారావు రాసిన ‘తెలుగులో సాహిత్య విమర్శ’ కూడా పరిశోధన గ్రంథమే. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళలో దాన్ని తిరగేయనివాళ్ళు అరుదు. తూమాటి దోణప్ప ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము’ అంతే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. కోసం చేసిన పని, 1969లో పుస్తకమైంది. అది రాసినాయనే తర్వాత, 1985లో, తెలుగు విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యాడు.

ఈ చివరి పుస్తకం మా ఊరికి సంబంధించింది. ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. ఇటు వనపర్తి, అటు కృష్ణ దాటితే గద్వాల, అన్నీ సంస్థానాలే. పండితుల రాకపోకలతో గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరే పడిపోయింది. తిరుపతి వేంకట కవులు ఈ దిక్కు ఆస్థానాలన్నీ తిరిగారు. వాళ్ళు రాజుల్ని చూసిన పద్యాలకు ‘నానారాజ సందర్శనము’ అని ఒక పుస్తకమే ఉంది. కాబట్టి మా ప్రాంతపు పిల్లలు ఎవరు ఎం.ఏ. తెలుగు చేసినా, ఏదో ఒక పేపర్లో ‘సంస్థానాల సాహిత్య పోషణను వివరించండి’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు. దోణప్ప పుస్తకం, లేదా దోణప్ప పుస్తకంలోంచి తీసిన గైడు.

మా అక్క ఎం.ఏ. తెలుగు చేసింది. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. ఆమె చదువుకునే రోజుల్లో రాసిన వ్యాసాలు రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో ఇంట్లో ఉంటే, ఆమెను అడిగి తీసుకుని చదివాను. మొత్తం తొమ్మిది. “మార్కుల కోసం రాసిన్నవి, అవేం చదువుతవ్ రా” అంది గానీ వద్దనలేదు.

తొమ్మిదింట్లో ఏడు ఒకే వాక్యంతో మొదలవుతాయి. ‘తెలుగు సాహిత్య చరిత్రలో ఫలానాకు విశిష్ట స్థానం ఉంది.’ ఫలానా మారుతుంది, స్థానం మారదు. మనుచరిత్రకు విశిష్ట స్థానం, భావకవిత్వానికి విశిష్ట స్థానం, శతకానికీ విశిష్ట స్థానమే. అందరికీ విశిష్ట స్థానం ఉన్నప్పుడు మామూలు స్థానంలో కూచునేది ఎవరో తెలీదు. ముగింపు కూడా స్థిరమే: ‘దీనిని బట్టి … అని చెప్పవచ్చు.’ ఈ ‘చెప్పవచ్చు’ దగ్గర నేను చాలాసేపు ఆగాను. చెప్పేది ఎవరు? విద్యార్థి కాదు. ఆమె అంటే ‘నాకు అనిపించింది’ అని రాసేది. పెద్దలూ కాదు, వాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. ఎవరూ పూచీ పడకుండా ఒక అభిప్రాయాన్ని దాటించడానికి మన విద్యావ్యవస్థ తయారుచేసుకున్న క్రియాపదం అది. కట్టమంచి విమర్శలో ఎన్ని లోపాలైనా ఎంచండి గానీ, ఇలాంటి తప్పించుకునే మాట మీద ఆయన వాదం నిలబడదు.

అయితే ఈ నోట్‌బుక్కుల్లో ఇంకో రాత ఉంది. మార్జిన్లో, పెన్సిల్‌తో. వరూధిని పాత్ర మీద రాసిన వ్యాసం పక్కన అక్క చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న రాసుకుంది. కొండల్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషి కొత్త మగవాణ్ణి చూసి ఎందుకు భయపడలేదు? ఆమె అప్సరస గనక అని ఎవరైనా టక్కున జవాబిస్తారు. కానీ ఆ ప్రశ్న అంత తేలిగ్గా పోయేది కాదు. దారి తప్పి భయపడింది ప్రవరుడు. దారి అడిగింది ప్రవరుడు. ఆ చోటు ఆమెది, పరాయివాడు అతను. ఆడమనిషికి భయం లేని చోటును పెద్దన ఊహించాడని, ఆ ఊహ కోసం ఆయన హిమాలయం దాకా పోవలసి వచ్చిందని ఈ పెన్సిల్ ప్రశ్న పట్టుకుని పది పేజీలు రాయొచ్చు. పైన పెన్నుతో రాసిన ఆరు పేజీల్లో మాత్రం వరూధిని సౌందర్యమూ, ప్రవరుని నైష్ఠికత్వమూ, అల్లసాని వారి అల్లిక జిగిబిగీ ఉన్నాయి. పెన్సిల్ ప్రశ్న పెన్నులోకి రాలేదు.

ఒకే ఒక్క వ్యాసంలో వచ్చింది. అదే సంస్థానాల వ్యాసం. ఎప్పటిలాగే విశిష్ట స్థానంతో మొదలై, వనపర్తి, గద్వాల, ఆత్మకూరు వరసగా నడిచి, ఏ రాజు ఏ కవిని ఎలా సన్మానించాడో చెబుతూ పోయి, నాలుగో పేజీలో హఠాత్తుగా ఒక పేరా దగ్గర భాష మారిపోతుంది. మా అవ్వ చిన్నప్పటి మాట అక్కడుంది. కవులకు రాజుగారు బహుమానాలిచ్చారట అని అక్క చదివి వినిపిస్తే అవ్వ, “రాజుగారు యాడికెల్లి తెచ్చి ఇచ్చిండు? మా నాయిన కల్లంల కొలిచిన గింజలే గద” అన్నదట. ఆ మాటను అక్క దాదాపు అలాగే రాసి, కింద తనదిగా ఒక వాక్యం చేర్చింది: పోషించింది రాజు అయితే రాజును పోషించింది ఎవరు?

ఆ పేరా మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత ఉంది. పక్కన ఒకే మాట: ‘అప్రస్తుతం’.

దిద్దినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ గీతకు కారణాలున్నాయి. అడిగిన ప్రశ్న పోషణ గురించి. పేరాలో ఉన్నది ఒక ముసలామె జ్ఞాపకం. ఒకే సాక్షి. సంవత్సరం లేదు, లెక్క లేదు. పరీక్షలో ఇలాంటివి రాస్తే మార్కులు పోతాయని ముందే హెచ్చరించడం మేలు చేయడమే అనుకుని ఉండొచ్చు. ఇదంతా ఒప్పుకున్నా, ఆ ఎర్ర మాట ‘ఆధారం ఏది?’ అని అడగలేదు. ‘అప్రస్తుతం’ అంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. రోజూ పక్కవాళ్ళ కోడ్ చూసి వ్యాఖ్యలు రాయడం నా ఉద్యోగంలో భాగం. ‘ఇది పని చేస్తుందని పరీక్షించి చూపించు’ అని రాస్తే అవతలి మనిషి ఇంకో రోజు కూచుని పని చేస్తాడు. ‘ఇది అక్కర్లేదు’ అని రాస్తే తీసేస్తాడు, మళ్ళీ అటు ఆలోచించడు. ‘ఆధారం ఏది’ అన్న ప్రశ్న ఆ అమ్మాయిని ఇంకో పదిమంది ముసలివాళ్ళ దగ్గరికో, పాత శిస్తు కాగితాల దగ్గరికో పంపించేది. ‘అప్రస్తుతం’ ఇంటికి పంపించింది.

అది అప్రస్తుతం అసలు కాదు కూడా. ఈ సంస్థానాలు నిజాముకు పేష్కష్ కట్టి, తమ ఊళ్ళ శిస్తు తామే వసూలు చేసుకునేవి. ఆ వసూళ్ళలోంచే గుళ్ళు, చెరువులు, సన్మానాలు, వార్షికాలు. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా నడిచిన వ్యవహారం ఇది. పోషణ గురించి రాసేటప్పుడు పోషణకు డబ్బు ఎక్కడిదని అడగడం ప్రశ్న దాటిపోవడం కాదు, ప్రశ్నను చివరిదాకా అడగడం. దోణప్ప పుస్తకం తన పేరులోనే తన హద్దు చెప్పుకుంది. ఆస్థానం నుంచి కవి దాకా. ఆ హద్దులో అది చేసిన పని చిన్నది కాదు, అది లేకపోతే మా ఊళ్ళ సాహిత్య చరిత్రను ఎక్కడ వెతుక్కోవాలో తెలిసేది కాదు. అవ్వ మాట అడిగింది రెండో సగం. కల్లం నుంచి ఆస్థానం దాకా.

ఆ రెండో సగం అడిగే సంప్రదాయం కూడా మా నేల మీదే పుట్టింది. సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన కోపంతో జవాబు రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల్ని వెతికి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. ‘ఆధారం ఏది’ అన్న ప్రశ్నకు తెలుగులో ఇంత గట్టి జవాబు ఇంకొకటి లేదు. తర్వాత 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశాడు. కావ్యాల్ని, ప్రబంధాల్ని తిరగేసి అందులో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. రాజుల కోసం రాసిన పద్యాల్లోంచి జనాన్ని బయటికి తీశాడు. సాహిత్య అకాడమీ మొట్టమొదటిసారి బహుమతులిచ్చిన 1955లో తెలుగుకు వచ్చింది ఆ పుస్తకానికే. అక్క కొట్టివేతకు గురైన పేరా తెలియకుండానే సురవరం దారిలో నాలుగడుగులు వేసింది. ఆ పుస్తకం సిలబస్‌లో ఉంది. ఆ పద్ధతి మాత్రం జవాబు పత్రంలోకి రాకూడదు.

నోట్‌బుక్కులు తిరిగి ఇచ్చినప్పుడు అక్కను ఆ పేరా గురించి అడిగాను. చాలాసేపు చూసి, “ఇదొక్కటే నేను రాసింది. మిగతాయన్ని గైడు రాసినయే” అంది. తన పాత రాత మీద ఒక మనిషి చెప్పగల విమర్శ ఇంతకంటే ఏముంటుంది? పాత వ్యాసాల్ని చూసుకుని చాలామంది శైలి చూసి సిగ్గుపడతారు, లేదా చూశారా అప్పుడే ఎంత బాగా రాశానో అని మురిసిపోతారు. రెండూ వృథా. అందులో నేను రాసింది ఏది, నా చేత రాయించింది ఏది అని విడదీయడం అసలు పని. అలా విడదీస్తే కట్టమంచికి పుస్తకమంతా మిగులుతుంది. చాలామందికి ఒక పేరా మిగులుతుంది. ఆ పేరా ఎర్ర గీత కింద ఉండే అవకాశాలు ఎక్కువ.

ఇది ఒక ఇంటి నోట్‌బుక్కుల సంగతే అయితే ఇంత రాయనక్కర్లేదు. తెలుగు శాఖల్లో ఎం.ఫిల్. అనే చిన్న పరిశోధన ఒకటి ఉండేది. పిహెచ్.డి. అంత పెద్దది కాదు. ఒక స్థానిక కవి, ఒక శతకం, ఒక ఊరి పాటలు, ఇలాంటి చిన్న విషయాలకు సరిగ్గా సరిపోయే కొలత. 2022 నవంబరు నిబంధనలతో యూజీసీ దాన్ని ఆపేసింది. ఎం.ఫిల్.లో నాణ్యత లేదన్నవాళ్ళ మాట చాలావరకు నిజం కావచ్చు. కానీ సంస్థానాల మీద పెద్ద పుస్తకం ఒకటి వచ్చాక ఇక మిగిలేవి చిన్న ప్రశ్నలే. ఫలానా ఊరి నుంచి ఎంత శిస్తు, ఫలానా కవికి ఎంత వార్షికం, ఆ కవి ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు. ఐదేళ్ళ పరిశోధనకు ఇవి చాలవు, పరీక్షలో ఐదు పేజీల జవాబుకు ఇవి పట్టవు. ఈ మధ్య కొలత పోయింది. మరోపక్క ఎస్వీ రామారావు లాంటి విమర్శకుడు తెలుగు విమర్శ మొత్తాన్ని పరిశోధించిన ఎన్నో ఏళ్ళకు, 2012లో, ‘పాలమూరు ఆధునిక యుగ కవుల చరిత్ర’ తెచ్చాడు. అంత అనుభవం ఉన్నవాళ్ళు సొంత జిల్లా వైపు తిరిగితే ఎంత పని జరుగుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. ఆ పని చేయడానికి అందరికీ అన్నేళ్ళు ఉండవు. కల్లంలో గింజలు కొలవడం కళ్ళతో చూసినవాళ్ళకు అసలే లేవు. మా అవ్వ పోయి చాలా కాలమైంది.

2008 నుంచి మా జిల్లాకు పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలు ఎం.ఏ. తెలుగు కోసం ఇప్పుడు ఊరు దాటి మరీ దూరం పోనక్కర్లేదు. ప్రతి విద్యార్థీ తన సొంత ఊరి మీద ఒక వ్యాసం రాయాలని, దానికి ఒక మనిషి మాటైనా ఆధారంగా తేవాలని, దిద్దేవాళ్ళు ‘అప్రస్తుతం’ బదులు ‘ఇంకెవరిని అడిగావు?’ అని రాయాలని పెడితే అయ్యే ఖర్చు ఎర్ర సిరా మాత్రమే. పదేళ్ళ తర్వాత ఆ విద్యార్థే వచ్చి, ఎంప్సన్ లాగా పాత మాటను చెరపకుండా కింద కొత్త గమనిక రాయగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు సాహిత్యం చదువుతున్నవాళ్ళు, చదివి వదిలేసినవాళ్ళు చేయగల పని ఒకటుంది. మీ పాత నోట్‌బుక్కులు పారేసేముందు ఒకసారి మార్జిన్లు చూడండి. పెన్సిల్ రాతలు త్వరగా చెరిగిపోతాయి.